ఎడమ చెవి ఫ్రెంచి, కుడి చెవి స్పానిష్

ఆవిడకు పేరు లేక కాదు. కాలేజీలో ఉద్యోగానికి చేరిన మొదటి ఏడాదే ఎవరో అమ్మాయి "టేపు అక్క" అని పిలిచింది. అంతే, జీతాల పట్టీలో తప్ప మిగతా అన్నిచోట్లా అదే స్థిరపడిపోయింది. ప్రిన్సిపాలు కూడా ఒకసారి మీటింగులో అందరి ముందూ "మన టేపు అక్కగారు" అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆవిడేమీ అనుకోలేదు. అలాంటివి మనసులో పెట్టుకునే మనిషైతే పంతొమ్మిదేళ్లు ఆ అద్దాల గదిలో కూర్చునేదే కాదు.

ముందు ఆ అద్దాల గది సంగతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన గొడవంతా అక్కడ పుట్టిందే. కాలేజీ మూడో అంతస్తులో రెండు తరగతి గదులు. ఎడమవైపు దాంట్లో ఫ్రెంచి, కుడివైపు దాంట్లో స్పానిష్. రెంటికీ మధ్య, రెండు బీరువాలు పెడితే నిండిపోయేంత గది, అటూ ఇటూ అద్దాలు. పిల్లలు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటే ఈవిడ మధ్యగదిలోంచి పాఠాల టేపులు వేసేది. టేపులో గొంతు ఒక వాక్యం చెప్పి కాసేపు ఆగుతుంది. ఆ ఖాళీలో పిల్లలు జవాబు చెప్పాలి. తర్వాత మళ్లీ ఇంకో వాక్యం, మళ్లీ ఖాళీ.

రెండు గదుల్లోనూ తరగతులు ఒకే వేళకు నడిచేవి. ఏ టేపు నలిగినా, ఏ గొంతు సాగినా అప్పటికప్పుడు పట్టుకోవాలి. అందుకని కాలేజీ ఎలక్ట్రీషియను ఆవిడ హెడ్‌ఫోనులో ఎడమ చెవికి ఫ్రెంచి, కుడి చెవికి స్పానిష్ వచ్చేట్టు తీగలు కలిపి ఇచ్చాడు. మీరూ నేనూ అయితే అరగంటలో తల దిమ్మెక్కి బయటికి పరిగెత్తేవాళ్లం. ఆవిడ పంతొమ్మిదేళ్లు విన్నది. ఎడమ చెవిలో ఒక మగ గొంతు, కుడి చెవిలో ఒక ఆడ గొంతు. ఆ ఇద్దరూ ఆవిడకు కట్టుకున్నవాడికంటే ఎక్కువ కబుర్లు చెప్పారు.

వినడమే కాదు, జవాబులు కూడా చెప్పేది. మీ ఇల్లెక్కడ, ఇంట్లో ఎంతమంది, మీకు వాన ఇష్టమా అని టేపు అడుగుతుంది కదా. ఆ ఖాళీలో పిల్లలతోపాటు ఈవిడా జవాబు చెప్పేది, పెదవులు కదపకుండా, ఎడమవైపు వాళ్లకు ఎడమవైపు భాషలో, కుడివైపు వాళ్లకు కుడివైపు భాషలో. మీకు వాన ఇష్టమా అని ఇంట్లోగానీ కాలేజీలోగానీ ఆవిణ్ణి ఎవరైనా అడిగిన పాపాన పోయారా? గొడుగు తెచ్చావా అని అడిగేవాళ్లు, అంతే.

తర్వాత కాలేజీకి కంప్యూటర్లొచ్చాయి. పాఠాలు పిల్లల ఫోన్లలోకే వచ్చేశాయి. అద్దాల గదిని విరిగిన కుర్చీల గది చేశారు. టేపు అక్కను తీసుకెళ్లి కింద సర్టిఫికెట్ల కౌంటరులో కూర్చోబెట్టారు. పని తేలికే. కానీ మూడో రోజుకే ఆవిడకు చెవులు బోసిపోయినట్టు అనిపించి, ఇంటికెళ్లి ఊరికే ఏడ్చింది.

వాళ్లాయన కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాడు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు, అప్పుడప్పుడు కళ్ల పరీక్ష కూడా చేస్తాడు. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడినా పని గురించే. ఆ రోజు మాత్రం పక్కన కూర్చుని, "ఏమైంది?" అన్నాడు.

"ఎవరూ మాట్లాడట్లేదండీ."

"నేను మాట్లాడుతున్నాగా."

"మీరు కాదు. వాళ్లు."

ఆయనకు అర్థం కాలేదు. అర్థమైంది అత్తగారికి. అత్తగారు బట్టల మిల్లులో నలభై ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. మరమగ్గాల రొదలో అరిచి అరిచి అలవాటై, ఉప్పు ఎక్కడుందని అడిగినా పక్కింటివాళ్లు తలుపు తీసి చూస్తారు. "మిల్లు మానేసినప్పుడు నాకూ ఇంతేనమ్మాయ్," అంది అరుస్తూనే. "ఏడిస్తే తగ్గదు. ఆ మాటలేవో సరిగ్గా నేర్చుకో. కాలేజీలోనే ఉన్నావుగా, చేరిపో."

నలభై మూడేళ్ల వయసులో కోడల్ని డిగ్రీ చదవమన్న అత్తగారిని నేనైతే ఎక్కడా చూడలేదు. టేపు అక్క కూడా ముందు నవ్వేసింది. తర్వాత నియమాల పుస్తకం తిరగేస్తే, ఉద్యోగులు పొద్దుటి తరగతులకు చేరొచ్చని అందులో స్పష్టంగా ఉంది. ఎనిమిది నుంచి పదిన్నర దాకా చదువు, పదకొండు నుంచి ఉద్యోగం. మూడేళ్ల డిగ్రీ, ముఖ్య పాఠ్యాంశాలు ఫ్రెంచి, స్పానిష్. ఫారం మీద ఆ రెండు పేర్లూ పక్కపక్కన రాసిన రోజు ఆవిడ ఆనందం ఇంతా అంతా కాదు. తన సర్టిఫికెట్ల కౌంటరులో తన ఫారం తనే తీసుకుని, తనే ముద్ర కొట్టుకుంది.

పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య నలభై మూడేళ్ల మనిషి. మొదట్లో పిల్లలు ఆవిణ్ణి చూసి లేచి నిలబడేవాళ్లు, టీచరనుకుని. తర్వాత "అక్కా, ఈ లెక్చరు మిస్సయ్యాను, నోట్సు ఇవ్వవా" అనే చనువు వచ్చింది. పదకొండింటికి కిందికి పరిగెత్తాలి కాబట్టి రెండు తరగతుల్లోనూ తలుపు పక్క బెంచీ మీద కూర్చునేది. రాతపరీక్షలు బాగా రాసింది. ఉచ్చారణకైతే ఫ్రెంచి మేడమ్, స్పానిష్ మాస్టారు ఇద్దరూ ముక్కున వేలేసుకున్నారు. ఒకటే చిక్కు. ఎవరితో మాట్లాడినా ఒక వాక్యం చెప్పి, టేపులోలాగా లోపల ఐదు అంకెలు లెక్కపెట్టుకుని, అప్పుడు రెండోది చెప్పేది. "మీతో మాట్లాడాలంటే నా ఆయుష్షు చాలదండీ," అనేవాడు స్పానిష్ మాస్టారు, నవ్వుతూ.

రెండో ఏడాది చివర మౌఖిక పరీక్షలు వచ్చాయి. స్పానిష్ పరీక్ష స్పానిష్ గదిలోనే జరిగింది. యాభైకి నలభై ఆరు. ఫ్రెంచి గదికి రంగులేస్తున్నారని, ఫ్రెంచి పరీక్ష స్టాఫ్ రూములో పెట్టారు. పొడవాటి బల్ల ముందు ఒక కుర్చీ. ఆ కుర్చీకి కుడివైపు, కిటికీ పక్కన ఫ్రెంచి మేడమ్ కూర్చుంది.

మేడమ్ సామాన్యురాలు కాదు, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. కానీ మంచిది. తేలికైన ప్రశ్నతోనే మొదలుపెట్టింది, మీ ఇంటి గురించి చెప్పండి అని. టేపు అక్క చెప్పింది. గదులు, కిటికీలు, మెట్లు, అత్తగారి గొంతు అన్నీ గడగడా చెప్పింది. చెప్పిందంతా స్పానిష్‌లో.

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఫ్రెంచిలో చెప్పండి," అంది ఫ్రెంచిలోనే. టేపు అక్కకు ప్రశ్న అర్థమైంది, జవాబు తెలుసు, నోరు తెరిస్తే మళ్లీ స్పానిషే. క్షమించమని అడిగింది, అదీ స్పానిష్‌లోనే. మిగతా పావుగంటా నీళ్లు నమిలింది.

యాభైకి తొమ్మిది.

"ఈ వయసులో, ఉద్యోగం చేసుకుంటూ, రెండు భాషలెందుకండీ?" అంది మేడమ్ బయటికొచ్చాక, మెల్లగానే. "రెండూ కలిసిపోతున్నాయి మీకు. ఒకటి వదిలేసి ఇంకోటి హాయిగా చదువుకోండి. నెల తర్వాత ఇంకో అవకాశం ఇస్తారు, కాదనను. అందులోనూ పోతే ఫ్రెంచి కొట్టేసి, దాని బదులు ఆఫీసు నిర్వహణ అనే సబ్జెక్టు రాస్తారు."

ఆఫీసు నిర్వహణ! ఇరవై ఏళ్లుగా ఆఫీసే ఆవిణ్ణి నిర్వహిస్తోంది, ఇక అది చదవడం కూడానా? ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చుండిపోయింది. పరువు పోయిందన్న బాధ కాదు. ఎడమ చెవిలో పంతొమ్మిదేళ్లు మాట్లాడిన ఆ గొంతు, నీకూ నాకూ ఇక మాటల్లేవు పొమ్మన్నట్టు అనిపించింది. ఆ మాట అత్తగారితో అంటే, పెద్దావిడ జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి, "ఊరుకో," అంది.

ఆ వారంలో ఆ కథ ఇంట్లో నాలుగుసార్లు చెప్పుకుంది. నాలుగోసారి చెబుతుండగా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"మేడమ్ ఎటువైపు కూర్చుంది?"

"ఇటు," అని కుడి చెయ్యి చూపించింది.

"నాలుగుసార్లూ ఇటే చూపించావు. మరి క్లాసులో ఎటుంటుంది?"

ఆవిడ ఆలోచించింది. ఫ్రెంచి గదిలో తలుపు కుడిపక్కన. తలుపు పక్క బెంచీ మీద కూర్చుంటే మేడమ్ బల్ల ఎడమవైపు వస్తుంది. స్పానిష్ గది దానికి సరిగ్గా తిరగేసి కట్టింది. అక్కడ తలుపు ఎడమపక్కన, మాస్టారు కుడివైపు.

"దుకాణానికి వచ్చేవాళ్లు రెండు కళ్లూ తెరిచి బోర్డు మొత్తం చదివేస్తారు," అన్నాడు ఆయన. "నా చూపుకేం అంటారు. ఒక కన్ను మూయమన్నప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. రేపు ఆదివారమేగా, చూద్దాం."

ఆదివారం పొద్దున టీలయ్యాక, వంటగదిలో ఎత్తు స్టూలు మీద ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. కాలేజీవాళ్లు పాత సామాను పారేస్తుంటే ఆవిడ అడిగి తెచ్చుకున్న టేపు రికార్డరు ఒకటి, సంచీడు టేపులు ఇంట్లో ఉన్నాయి. ఆవిడ కుడి చెవిలో దూది కుక్కి, రికార్డరు ఎడమవైపు పెట్టి ఫ్రెంచి టేపు వేశాడు. టేపు అడిగింది, ఆవిడ ఫ్రెంచిలో చెప్పింది. తర్వాత దూది తీసి ఎడమ చెవిలో కుక్కి, రికార్డరు కుడివైపుకి మార్చాడు. అదే గొంతు, అదే ప్రశ్న. ఆవిడ నోరు తెరిచింది.

ఆయనకు రెండు భాషల్లో ఒక్క ముక్క రాదు. అయినా తేడా తెలిసిపోయింది. "అదీ సంగతి," అన్నాడు.

అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "లోకంలో అందరూ ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తారు. నీకు అదీ చేతకాదన్నమాట," అంది. టేపు అక్క ముందు బిత్తరపోయి చూసి, తర్వాత పగలబడి నవ్వింది. పరీక్ష పోయిన తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. తనకు బుర్ర లేక కాదు, బుర్రలో తలుపులు రెండున్నాయి, అంతే. ఆ ఆదివారం భోజనం దగ్గర రెండోసారి కూర వడ్డించుకుంది.

"దీనికి మందు చాలా తేలిక," అన్నాడు ఆయన. "పరీక్షకు వెళ్లగానే కుర్చీ బల్లకు అవతలికి జరుపుకో. మేడమ్ ఎడమవైపు వస్తుంది. అయిపోయింది."

"కుర్చీ ఎన్నాళ్లు జరుపుతుందిరా?" అంది అత్తగారు. "రేపు రోడ్డు మీద ఎవరైనా కుడిపక్క నుంచి పలకరిస్తే? ఉన్నపళంగా గిరుక్కున తిరుగుతుందా? చెవికి నేర్పాలి."

"నెల రోజుల్లో అవుతుందా అమ్మా?"

"నలభై ఏళ్ల రొద నా చెవుల్లోంచి ఇంకా పోలేదు, ఒప్పుకుంటా. అయినా చూద్దాం."

అలా మొదలైంది. రోజూ సాయంత్రం టేపు అక్క కాలేజీ నుంచి వచ్చి కూరలు తరుగుతుంటే, అత్తగారు కుడిపక్కన ముక్కాలిపీట వేసుకుని, ఒళ్లో రికార్డరు పెట్టుకుని కూర్చునేది. మీట నొక్కడం, ఆపడం, వెనక్కి తిప్పడం రెండు రోజుల్లో నేర్చేసుకుంది. కోడలి నోట స్పానిష్ వస్తే ఆవిడకు వెంటనే తెలిసిపోయేది, ఎలాగో అడక్కండి. "ఇది అది కాదు," అని టేపు వెనక్కి తిప్పేది. మొదటి వారం తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్క వాక్యానికి పదకొండుసార్లు వెనక్కి తిప్పిన రోజులున్నాయి. రెండో వారం టేపు అక్క నోట ఏ భాషా రాలేదు, ఊరికే గుడ్లప్పగించి చూసేది. "పాతది పోయింది, కొత్తది ఇంకా రాలేదు. మంచిదే," అంది అత్తగారు, డాక్టరులాగా.

మూడో వారంలో మరో చిత్రం జరిగింది. టేపు అడిగిన ప్రశ్నకు కోడలు తడబడుతుంటే అత్తగారే జవాబు అరిచేసింది. ఫ్రెంచిలో. అర్థం ఆవిడకు తెలియదు, రోజూ విని విని వచ్చేసింది. ఆయన దుకాణం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, తన ఇంటికే వచ్చానా అని నంబరు పలక ఒకసారి చూసుకున్నాడు.

అయినా పరీక్ష ముందురోజు దాకా లెక్క సరిపోలేదు. పది ప్రశ్నలడిగితే నాలుగు ఇంకా పక్కదారి పడుతున్నాయి. "కుర్చీ జరుపుతావు కదూ?" అన్నాడు ఆయన.

"జరుపుతానండీ. ఒట్టు."

అత్తగారు రికార్డరు మీద గుడ్డ కప్పింది.

పరీక్ష మళ్లీ అదే స్టాఫ్ రూములో. ఈసారి మేడమ్ పక్కన వేరే కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకురాలు కూడా ఉంది, నెరిసిన జుట్టు, మెత్తటి చూపు. ఇద్దరూ కిటికీవైపే, అంటే ఆ కుర్చీకి కుడివైపే. టేపు అక్క బస్సులో వస్తున్నంతసేపూ ఒకటే వాక్యం వల్లె వేసుకుంటూ వచ్చింది. పరీక్ష మొదలవకముందే, మామూలుగా, ఇంట్లో మాట్లాడే భాషలోనే, మేడమ్, ఈ కుర్చీ కాస్త అవతలికి జరుపుకోవచ్చా అని అడగాలి. అంతకుమించి ఇంకేమీ ఆలోచించకూడదు.

తలుపు తీసింది. బల్ల దాకా వచ్చింది. కుర్చీ వెనక భాగం పట్టుకుంది. ఆవిడ ఇంకా నోరు తెరవనేలేదు, కుడివైపు నుంచి మేడమ్ ఫ్రెంచిలో అడిగేసింది, ఎందుకలా నిలబడ్డారు, కూర్చోండి అని.

అయిపోయింది అనుకుంది. ఏదైతే అదవుతుందని అడగాల్సింది అడిగేసింది, ఈ కుర్చీ కాస్త అవతలికి జరుపుకోవచ్చా అని. అడిగి, అలవాటు చొప్పున ఆగింది. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్క మొదలైంది.

ఆ ఖాళీలో చూసింది. మేడమ్ కళ్లజోడు తీసింది గానీ తుడుచుకోవడం లేదు. ఈవిడ మొహంలోకే చూస్తోంది, పెదవుల చివర చిన్న నవ్వు. పక్కనున్న పరీక్షకురాలు మాత్రం మామూలుగా, "తప్పకుండా, మీ ఇష్టం వచ్చినట్టు కూర్చోండి," అంది ఫ్రెంచిలో.

ఫ్రెంచిలో అడిగితేనే కదా ఫ్రెంచిలో జవాబొచ్చింది! ఆ సంగతి టేపు అక్కకు ఐదో అంకె దగ్గర తట్టింది. తను అడిగింది ఫ్రెంచిలో. విన్నది కుడి చెవితో. ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారు గుర్తొచ్చింది, ఒళ్లో రికార్డరు గుర్తొచ్చింది.

"అక్కర్లేదు," అంది ఫ్రెంచిలో. "ఇక్కడే బాగుంది." కుర్చీ ఉన్నచోటే కూర్చుంది.

తర్వాత అంతా సాఫీగా సాగిందని అబద్ధం చెప్పను. రెండుచోట్ల స్పానిష్ తొంగిచూసింది, దాన్ని వెనక్కి నెట్టి మళ్లీ చెప్పింది. ఇంటి గురించి చెప్పింది, కౌంటరు గురించి చెప్పింది, అద్దాల గది గురించి చెప్పింది. ఆఖరున ఆ వచ్చిన పరీక్షకురాలు, కాగితాలు సర్దుతూ, బయట మబ్బు పట్టడం చూసి అడిగింది.

"మీకు వాన ఇష్టమా?"

ఆ ప్రశ్నకు టేపు అక్క దగ్గర పంతొమ్మిదేళ్లుగా జవాబుంది. ఎన్ని వేలసార్లు లోపల చెప్పుకుందో. ఆ టేపు ఏనాడూ ఆవిడ జవాబు కోసం ఆగలేదు, లెక్క ప్రకారం ఐదు అంకెలు ఆగి తన దారిన తను పోయేది. ఈ నెరిసిన జుట్టావిడ కాగితాలు పక్కన పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆవిడవైపే చూస్తూ ఆగింది. ఐదు దాటింది, పది దాటింది. ఇంకా ఆగే ఉంది.

అప్పుడు చెప్పింది టేపు అక్క. వాన అంటే ఎంత ఇష్టమో, ఎందుకు ఇష్టమో, అద్దాల గదికి కిటికీ లేక వాన వచ్చిందో లేదో పిల్లల గొడుగులు చూసి తెలుసుకోవడం గురించీ చెప్పింది. మధ్యలో ఒక్క ఖాళీ కూడా వదల్లేదు.

యాభైకి నలభై ఒకటి. మేడమ్ ఫారంలో ఫ్రెంచి అన్న మాట పక్కన సంతకం పెట్టి, "ఆఫీసు నిర్వహణ వాళ్ల అదృష్టం బాగాలేదు," అంది.

ఇంటికొచ్చేసరికి తల్లీకొడుకులిద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. ఆయన దుకాణం నుంచి ముందే వచ్చేశాడు. అలా రావడం ఆయన జీవితంలో అరుదు.

"కుర్చీ జరపనిచ్చారా?"

"ఇచ్చారండీ."

"హమ్మయ్య. జరిపావుగా?"

"లేదు."

ఆయన మొహం పాలిపోయింది. ఆవిడ మార్కుల కాగితం ఆయన చేతిలో పెట్టి, లోపలికెళ్లి చేతులు కడుక్కుని, కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. ఆయన కాగితం చదివి, కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చదివాడు. వచ్చి ఆవిడ పక్కన కూర్చుని బీరకాయ ఒకటి తీసుకుని తొక్క తీయడం మొదలుపెట్టాడు. ఆయన బీరకాయ తొక్క తీయడం అదే మొదలు, సగం కాయ తొక్కతోనే పోయింది.

అత్తగారు మాత్రం కుడిపక్కనున్న ముక్కాలిపీట ఎత్తి, కోడలి వెనక నుంచి తిప్పి తెచ్చి, ఎడమపక్కన వేసింది. రికార్డరు మీది గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఆ సంచిలోంచి ఆడమనిషి టేపులు తియ్యమ్మాయ్," అంది, పక్కింటివాళ్లకు కూడా వినపడేలా. "ఈ చెవి సంగతి కూడా తేల్చేద్దాం."